తలపాగా ఎక్కిన పల్లకి

మా ముత్తాత తండ్రి పద్మనాభం ఊరి వైపు పన్నెండు గ్రామాలకు జమీందారు. మా ముత్తాత పల్లకి వస్తుంటే ఆనందపురం సంతలో బేరాలు ఆగిపోయేవి. మా తాత సింహాచలం కొండ ఎక్కితే ఆలయ మర్యాదలు జరిగేవి. నేను గాజువాకలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉంటున్నాను.

చెరువు నీటి తగాదాలో ముత్తాతను సొంత బావమరిదే చంపించాడు, పల్లకిలో కూర్చుని ఉండగానే. తాత కత్తి పట్టలేదు. ఏటా తండ్రి తద్దినం నాడు ఆ పల్లకిలో ఆయన తలపాగా ఉంచి, బోయీల చేత మోయించి, ఆ చంపించిన మేనమామ గుమ్మం ముందు కాసేపు ఆపించేవారు. ఎవరూ పెదవి విప్పేవారు కాదు. ఆ ఇంటివాళ్లు బయటికి వచ్చి తల వంచుకుని నిలబడేవారు. మా పగ అంతే. తలపాగా లేకుండా ఆ పల్లకి గడప దాటకూడదన్న నియమం అప్పుడే పుట్టింది.

పేరున్న దర్శకుడొకాయన పగ మీద చారిత్రక సినిమా తీస్తూ, పాత పల్లకి కోసం మా ఇంటికి వచ్చాడు. కథంతా చెప్పాను. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"గుమ్మం ముందు ఆగడం తప్పకుండా చూపిస్తానండీ" అన్నాడు.

ఆయన పాత సినిమాలు చూసినవాణ్ణి. నమ్మాను.

విడుదల రోజు మొదటి ఆటకు వెళ్లాను. పక్క సీట్లో ఆ మేనమామ మునిమనవడు, ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు, వరసకు నాకు బావ. తెర మీద తలలు తెగిపడుతూనే ఉన్నాయి. చివర్లో మా పల్లకి వచ్చింది. బోయీలు భుజాన మోసే బీటవారిన కొమ్ముకు మా తాత వేయించిన ఇత్తడి పట్టీ చూసి గుర్తుపట్టాను. లోపల నెత్తుటి కత్తితో హీరో. గుమ్మం ముందు ఆగలేదు. అతను దూకి, పల్లకికి నిప్పంటించి, మంటతో సహా ఇంట్లోకి తోయించాడు. హాలంతా ఈలలు.

బావ మోచేత్తో పొడిచాడు. "ఏటి బావా, మా ఓళ్లని ఒక్కడ్నీ ఉంచలేదేటి? మరి నానెక్కడినుంచొచ్చాను?"



బయట టీకొట్టు దగ్గర అతను గ్లాసు పట్టుకుని చాలాసేపు తాగలేదు. "మీ పల్లకి ఆగిన రోజు మా ఇంట పొయ్యి ఎలిగీది కాదంట బావా. కత్తితో నరికీసినా బాగుణ్నని మా తాత ఏడిసీవోడంట. ఆ ముక్క తీయలేదేటి ఆడు?" గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "అవును గానీ, ఆ తలపాగా ఏటి సేసావు?"



పల్లకిని సినిమా కంపెనీకి అమ్మాను. ఖాళీగా గడప దాటించకూడదు కనుక, తలపాగాను అందులోనే ఉంచి అమ్మాను.