బదులుకొచ్చిన ఫోను

భోపాల్‌పట్నం సంతలో రాగి జావ అమ్మే సమ్మక్కకు నాలుగు భాషలొచ్చు. పుట్టింటి తెలుగు, మొగుడి తరఫు వాళ్లతో దోర్లి, అడవి ఊళ్ల నుంచి దిగేవాళ్లతో గోండి, ఆఫీసు బాబులతో హిందీ. ఒక్కటీ బడికి పోయి నేర్చుకున్నది కాదు. జావ కుండ ముందు కూర్చుని, గిన్నెలు అందిస్తూ అందిస్తూ చెవులతో పట్టుకున్నవే. పట్వారీ చెప్పింది రైతుకు అర్థం కాకపోయినా, దవాఖానలో నర్సు అడిగింది ముసలమ్మకు ఎక్కకపోయినా "సమ్మక్కను పిలువుండ్రి" అనేవాళ్లు. కుండ మీద మూత పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ లేచి పోయేది. ఆ నడకలో కాస్త దర్జా ఉండేదంటే కాదనలేం. ఉండనీండి, ఊరికంతా నోరైన మనిషికి ఆ మాత్రం ఉండదా?

అంతటి సమ్మక్క ఒక్క మాట దగ్గర బోల్తా పడింది. అదీ ఇంట్లో పొద్దున లేస్తే వాడుకునే మాట.

కిందటి దీపావళికి ఆమె ఒక ఫోను కొంది. జగ్‌దల్‌పుర్‌లో నర్సింగు చదివే కూతురు మీనాతో మొహం చూసుకుంటూ మాట్లాడొచ్చని ఆశ. బజారు మూలన సెల్ కొట్టు పెట్టిన దేవేంద్ర ఏడాది వారంటీ కాగితం కూడా రాసిచ్చాడు. ఆమె మొగుడు కోసకు మాత్రం దాని పొడే గిట్టేది కాదు. "అద్దం ముక్కతోని మాటలేంది?" అని పక్కకు పోయేవాడు. అతనికి తెలిసిందల్లా నాలుగు బర్రెలు. పగలంతా ఇంద్రావతి ఒడ్డున మేపి, పొద్దు వాలేసరికి కూత పెట్టేవాడు. "ఓ... హో... దా, దా, దా..." అని గొంతు పైకెత్తి, చివర మెత్తగా దించేవాడు. ఏ పొదలో ఉన్నా బర్రెలు తలెత్తి వచ్చేవి. ముసలి బర్రె నల్లమ్మ అయితే మేస్తున్న గడ్డి నోట్లో ఉండగానే బయల్దేరేది. సమ్మక్క ఎంత అరిచినా తోక కూడా ఊపేవి కావు.

సంక్రాంతి దాటాక కోసకు దగ్గు పట్టుకుంది. జగ్‌దల్‌పుర్ పెద్దాసుపత్రికి పోవాలన్నారు. బండి వాకిట్లోకి వచ్చాక, అతను ఎక్కబోయి ఆగి, "నేను లేకుంటే ఇవి నీ మాట వినయి. నా కూత ఆ డబ్బాల పెట్టు" అన్నాడు. ఆమె నవ్వుకుంటూ ఫోను ముందు పెట్టింది. అతను నిటారుగా నిలబడి, ఆఫీసరు ముందు నిలబడ్డట్టు చేతులు కట్టుకుని మరీ కూత పెట్టాడు. చివర దగ్గు వచ్చింది. దగ్గు ఆగాక, "ఏంది, అయితుందా లేదా?" అని అడిగాడు. "అయితుంది, అయితుంది" అని సమ్మక్క. అంతే, ఒక్క నిమిషం కూడా లేదు.

కోస ఆసుపత్రి నుంచి ప్రాణాలతో రాలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దు వాలే వేళకు సమ్మక్క ఒడ్డున నిలబడి ఫోను పైకెత్తి నొక్కేది. బర్రెలు వచ్చేవి. వచ్చినా ఆమె ఆపేది కాదు. దగ్గు దాకా, ఆ ప్రశ్న దాకా, తన జవాబు దాకా విని అప్పుడు ఆపేది. ఎవరన్నా చూస్తే "బర్రెల కోసం" అనేది. హోళీకి మీనా వచ్చి, "అమ్మా, నాయిన కూత నా ఫోనుకు పంపు, దాచుకుంట" అంది. "మళ్లొచ్చినప్పుడు తీస్కో. ఎక్కడికి పోతదే అది?" అని సమ్మక్క చేతి పని మానకుండానే చెప్పింది. తర్వాత ఈ మాటే ఆమెను ఎన్ని రోజులు తిన్నదో!

శ్రావణం వానల్లో ఒక పొద్దున ఫోను వెలగలేదు. తడవలేదు, పడలేదు, ఊరికే నల్లబడి కూర్చుంది. వారంటీ ఉంది కాబట్టి గీదంలో కంపెనీ సర్వీసు సెంటరుకు ఇవ్వమన్నాడు దేవేంద్ర. పొద్దున్నే బస్సెక్కి మధ్యాహ్నానికి గీదం చేరి, అక్కడ కౌంటరు దగ్గర కూర్చున్న పిల్లకు ఇచ్చి, చీటీ తీసుకుని వచ్చింది. తన చేతిలో ఫోను లేదు కాబట్టి దేవేంద్ర నంబరు రాయించింది.

పన్నెండు రోజులకు, నిండు సంతలో, దేవేంద్ర ఫోను పట్టుకుని జావ కుండ దగ్గరికి వచ్చాడు. "చాచీ, కంపెనీ వాళ్లు. నేను మాట్లాడనా?" అన్నాడు. అతనిది హిందీ ఇల్లు. మాట్లాడనిస్తే పోయేది! కానీ చుట్టూ పది మంది జావ తాగుతున్నారు. ఊరందరి హిందీ తాను చెప్తూ, తన హిందీ ఇంకొకరు చెప్పడమా? "ఏం, నాకు రాదా?" అని ఫోను లాక్కుంది.

అవతల ఒక ఆడగొంతు గబగబా చెప్పుకుపోయింది. ఫోను బాగు కాలేదని, ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదని, ఇంతవరకు బాగానే అర్థమైంది. ఆ తర్వాత, "ఉస్‌కే బద్‌లే దూస్రా ఫోన్ దేంగే. మంజూర్ హై?" అంది.

దీనికి బదులు అది అనే అర్థం పుస్తకాల తెలుగులో ఉంటే ఉండొచ్చు. సమ్మక్క వాడలో బదులంటే ఒక్కటే. ఇంట్లో ఉప్పు నిండుకుంటే పక్కింటి నుంచి గిన్నెడు తెచ్చుకుని, సంత రోజున తిరిగి ఇచ్చేది బదులు. ఆమె చెవిలో ఆ మాట అట్లాగే పడింది. మన ఫోను బాగయ్యేదాకా ఇంకో ఫోను బదులిస్తారట, సరేనా అని అడుగుతున్నారు. అంతే కదా! రేపు చెప్తానని పెట్టేసింది.

రేపటి దాకా ఎందుకంటే, కోసకు బదులంటే పడదు. పెళ్లయిన కొత్తలో ఒకరి ఎద్దును బదులు తెచ్చి దున్నుతుంటే అది గుంతలో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ ఎద్దు కోసం ఒక పంట కారు అంతా వాళ్ల పొలంలో చాకిరీ చేశాడు. "ఉంటే తిందాం, లేకుంటే పండుదాం. ఒకరి వస్తువు ఇంట్ల పెట్టకు" అని ఆ రోజు నుంచి పోయేదాకా అదే మాట. ఇప్పుడు కంపెనీ ఫోను తెచ్చి పెట్టుకుంటే, దానికి గీత పడితే, మన ఫోను ఇవ్వం పో అంటే?

పక్కన ఎండు చేపలు అమ్ముకునే మంగితో చెప్పుకుంది. మంగి దోర్ల మనిషి, అన్నీ తేలిగ్గా తేల్చేస్తుంది. "ఇస్తమంటే వద్దంటవా? పిల్లతోని ఎట్ల మాట్లాడుతవ్? తీస్కో, జాగర్తగ ఉంచి మళ్ల ఇచ్చెయ్" అంది. రాత్రి అన్నం తింటూ, గోడకున్న కోస ఫోటో వైపు చూసి, "నీ కూత తెచ్చుకునేదాకే. కోపం జెయ్యకు" అంది సమ్మక్క.

మర్నాడు దేవేంద్ర కొట్టులో నిలబడి, గట్టిగా, స్పష్టంగా, "హాఁ, మంజూర్ హై" అని చెప్పింది.

వారానికి కొత్త ఫోను వచ్చింది. పాతదాని కన్నా పెద్దది. "చాచీ, మీ అదృష్టం, మంచిది ఇచ్చారు" అని సిమ్ము వేసి ఇచ్చాడు దేవేంద్ర. ఇచ్చినవాళ్లు మంచివాళ్లే అనుకుంది. ఆ ఫోనును ఆమె చూసుకున్న తీరు చూడాలి! అద్దం మీది పలచటి ప్లాస్టిక్ పొర తీయనివ్వలేదు. తువ్వాలలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టేది. మోగితే చేతులు కడుక్కుని తుడుచుకుని తీసేది. ఫోటో ఒక్కటి తీయలేదు. మంగి ఒక పాట పెట్టమంటే "మనది గాదే, బదులుది" అని డబ్బా మూసింది. మీనా ఫోను చేసి కొత్త ఫోనంట గదా అంటే, ఆ పిల్లకూ అదే మాట. "మరి మనది ఎప్పుడిస్తరంట?" అని మీనా. "బాగైనంక పిలుస్తరు." తల్లి హిందీ మీద ఆ పిల్లకు ఎంత నమ్మకమో, పరీక్షల్లో పడి మళ్లీ అడగలేదు.

బర్రెలతోనే తంటా వచ్చింది. కూత లేదు. మొదటి వారం ఒడ్డంతా తిరిగి కర్రతో తోలుకొచ్చింది. తర్వాత సిగ్గు విడిచి తానే పిలవడం మొదలుపెట్టింది. కోసలా ఎత్తబోతే గొంతు చీలేది. నల్లమ్మ ఆమె చేతి వైపు చూసి మళ్లీ గడ్డిలో మూతి పెట్టేది. "ఆగు, నీ అయ్య వస్తడు. గీదంల ఉన్నడు" అనేది సమ్మక్క దానితో.

దసరా పోయింది. పిలుపు రాలేదు. ఇక ఓపిక పట్టలేక, కుండ మంగికి అప్పజెప్పి, తువ్వాల మూటతో గీదం బస్సెక్కింది.

కౌంటరు దగ్గర ఆ పిల్లే ఉంది. సమ్మక్క మూట విప్పి ఫోను ముందు పెట్టి, హిందీలో, "ఇదిగో తల్లీ మీ ఫోను. గీత పడలేదు, చూసుకో. ఇక మాది ఇయ్యి" అంది.

ఆ పిల్ల ఫోను చూసింది, పొర చూసింది. "ఇది బాగానే ఉంది కదా అమ్మా?"

"బాగుంది. మీది మీకు ఇస్తున్న. మాది ఏది?"

పిల్ల కంప్యూటరులో ఏదో వెతికి, "ఇదే మీది అమ్మా. పాతదాని స్థానంలో ఇచ్చాం. పాతది కంపెనీకి పోయింది" అంది.

"తెప్పించు."

"రాదమ్మా. అక్కడ పగలగొట్టేస్తారు. లోపలివి ఎవరి చేతిలోనూ పడకూడదని." ఇంకో మాట కూడా అంది. అనకపోయినా బాగుండేది. "మీరు వద్దన్నట్టయితే అదే ఫోను వెనక్కి పంపేవాళ్లం. కొందరు అట్లా తీసుకెళ్లి బయట ఎక్కడో బాగు చేయించుకుంటారు. మీరు మంజూర్ అన్నారు కదా. మీ మాట రికార్డు కూడా ఉంది."

సమ్మక్కకు బద్‌లే అన్న మాట అప్పుడు చెవిలో మళ్లీ మోగింది. ఆ మాట ఆమెకు తెలియందా? తహసీల్దారుకు బదలీ అయిందంటే వందసార్లు ఊరికి తెలుగులో చెప్పింది తానే. బదలీ అయి పోయిన సాబు ఒక్కడన్నా తిరిగి వచ్చాడా? కొత్త సాబు వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, అంతే. ఇన్నేళ్లు ఊరి మాటలన్నీ అటూ ఇటూ మోసి, తన ఇంటి మాట ఒక్కటి మోయలేకపోయింది.

"నా మాట ఉంచిన్రు. ఆయన మాట పగలగొట్టిన్రు" అంది తెలుగులోనే. పిల్లకు అర్థం కాలేదు. "అందులో ఏముందమ్మా?" అని మెత్తగానే అడిగింది.

ఎట్లా చెప్పాలి? కూత అన్న మాటకు హిందీ వెతికింది. దొరకలేదు. "బర్రెలను పిలిచే గొంతు" అంది చివరికి.

"అలాంటివి నెట్‌లో చాలా ఉంటాయి అమ్మా, పెట్టివ్వనా?"

వద్దని చెయ్యి ఊపి, ఫోను మళ్లీ తువ్వాలలో చుట్టుకుని బయటికి వచ్చింది. తిరుగు బస్సులో బీజాపూర్ దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దేవేంద్రను మాట్లాడనిస్తే ఏం పోయేది? మీనా అడిగిన రోజు పంపితే ఏం పోయేది? సంతలో ఆ పది మంది ముందు నామోషీ పడితే పడేది, రెండు రోజులు నవ్వి మర్చిపోయేవాళ్లు. బీజాపూర్‌లో ఎక్కిన ఒక ముసలాయన గోండిలో, "కండక్టరు ఏమంటున్నడమ్మా?" అని అడిగాడు. మామూలుగా అయితే అడగకముందే చెప్పేది. "నాకు రాదు తాతా" అంది.

దిగేసరికి పొద్దు వాలుతోంది. ఇంటికి పోకుండానే ఒడ్డుకు పోయింది. బర్రెలు దూరంగా మేస్తున్నాయి. "ఓ... హో... దా, దా" అంది. గొంతు పెద్దగా లేవనే లేదు. నాలుగూ తలలెత్తాయి. నాలుగూ వచ్చేశాయి, అన్నిటికన్నా ముందు నల్లమ్మ. రెండు నెలల్లో ఆమె గొంతుకు అలవాటు పడిపోయాయి. బర్రెలకు ఆ ఫోను అక్కర్లేకుండా పోయింది. అది నిజంగా ఎవరికి కావాలో దాచుకోవడానికి "బర్రెల కోసం" అనే అడ్డం కూడా ఇప్పుడు లేదు.

వచ్చినందుకు ఆమెకు వాటి మీద కోపం వచ్చింది. "ఎవరు పిలిస్తే వాళ్లెనక వచ్చుడేనా? రోషం లేదా మీకు?" అని తిట్టింది. తిట్టి, నల్లమ్మ మెడ మీద చెయ్యి వేసింది. ఇంటి దారి పట్టకుండా నల్లమ్మ కదలక నిలబడింది. కూత అయ్యాక ఫోనులో ఇంకా కొంచెం ఉండేది కదా, ఆ కొంచెం కోసం ఆమె రోజూ ఆగేది కదా. దానికీ ఆ ఆగడం అలవాటే.

"ఏంది, అయితుందా లేదా?" అంది సమ్మక్క, కోస అన్నట్టే.

నల్లమ్మ చెవులు ఆడించింది. "అయితుంది, అయితుంది" అని బదులు కూడా ఆమే చెప్పుకుని, బర్రెలను ఇంటికి తోలుకుపోయింది.