దిగడానికి టికెట్టెందుకు?

డుంబ్రిగుడ పైన ఒక కొండ ఊళ్లో మేస్టారుగా ఉన్న రోజుల్లో నాకో పాత స్కూటరుండేది. ఘాట్ రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తే అంచుకు జరిగి, ఇష్టదైవాన్ని తలుచుకునేవాణ్ణి. అందుకే రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, రోడ్డు వెడల్పు చేయమని ఊరి తరఫున అర్జీ రాశాను. రాయడంలో నాకు కాస్త చెయ్యి తిరిగిందన్న గర్వం ఒకటి. ఊరుకోకుండా ఒక వాక్యం కలిపాను: ‘ఉదయం బస్సు ఎలాగూ ఖాళీగానే దిగుతోంది, రోడ్డు వెడల్పయితే జీపులే వస్తాయి.’ మేస్టారు రాశాడు కదా అని ఊరంతా వేలిముద్రలు వేసింది. పక్కింటి ముసలమ్మ అందరికంటే ముందు వేసింది.

నెల తిరక్కుండానే కండక్టరు కబురు తెచ్చాడు. బస్సు ఖాళీగా దిగుతోందని ఊరే రాసిచ్చిందట, సంత రోజున డిపో నుంచి అధికారి వచ్చి చూసి బస్సు ఎత్తేస్తాడట.

ముసలమ్మ నా గుమ్మం ముందు కూలబడింది. ఆమెకు ఆయాసం. ఎగువకు పది అడుగులు వేస్తే ఆగాలి. సంతలో పసుపు, పిప్పళ్లు అమ్మి ఉప్పు, ఎండుచేపలు తెచ్చుకునేది సాయంత్రం తిరిగి పైకొచ్చే ఆ బస్సులోనే.

"ఏటి మేస్టారూ ఇలా సేసినారు? రోడ్డు ఎడల్పయితే కొండ పొట్టిదౌతాదేటి? బస్సు లేకపోతే నానెలా ఎక్కుతాను?"

"మరి పొద్దున్న మీరెవరూ బస్సెక్కరేం?" అన్నాను ఉక్రోషంగా.

"దిగడానికి టికెట్టెందుకు?" అంది, నాకు మతి పోయిందేమోనన్నట్టు చూస్తూ.

నాలుగేళ్లు అక్కడే ఉండి నేను గమనించని సంగతి అది. ఊరి వాళ్లు అడ్డదారిన కబుర్లు చెప్పుకుంటూ దిగిపోతారు. బస్సు మలుపులన్నీ తిరిగి వచ్చేసరికి వాళ్లు సంతలో తట్టలు దించేసి ఉంటారు. బస్సు కొండ ఎక్కడానికే గానీ దిగడానికి కాదు. నాకు సిగ్గేసింది. ఆ సిగ్గులో ఇంకో తెలివితక్కువ పని చేశాను. సంత రోజున అందరూ బస్సులోనే దిగాలని ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను.

పాపం, మాట తీసేయలేదు. మంచి బట్టలు కట్టుకుని, తట్టలతో కోళ్లతో బస్సు నిండా ఎక్కారు. రెండో మలుపుకే మొదలయింది. అటు కిటికీలోంచి ఒకరు వాంతి, ఇటు కిటికీలోంచి ఇంకొకరు. దిగువకు బస్సు ప్రయాణం ఎవరికీ అలవాటు లేదు మరి. నవ్వితే కొడతారని కిందికి చేరేదాకా పెదవి బిగబట్టుకున్నాను.

కింద అధికారి నిండు బస్సును చూసి సంతోషంగా ఏదో రాసుకోబోతున్నాడు. ముసలమ్మ మాత్రం అడ్డదారిన ముందే దిగి, తట్ట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి వచ్చింది.

"ఈలందరూ నీకోసం ఎక్కినారు బాబూ. మేస్టారు ఎక్కించినాడు. రోజూ ఎవులూ ఎక్కరు. ఎక్కినప్పుడు సూడాలి గానీ దిగినప్పుడు సూత్తే ఏటి తెలుత్తాది? సాయంత్రం రా."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అధికారి నన్ను ఎగాదిగా చూసి, ఫక్కున నవ్వాడు. సాయంత్రం నిజంగానే వచ్చాడు. సీటు దొరకలేదు. ఉప్పు మూటకూ ఎండుచేపల తట్టకూ మధ్య ఒంటికాలి మీద నిలబడి కొండెక్కాడు. బస్సు తలుపు దగ్గర నేనూ వేలాడుతూ వచ్చాను. పైకి చేరాక చొక్కా వాసన చూసుకుని, "మీ బస్సెక్కడికీ పోదు, కానీ ఆ అర్జీ మార్చి రాసివ్వండి" అన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

అప్పటికప్పుడు, బస్సు మెట్టు మీదే కూర్చుని కొత్త అర్జీ రాశాను. ముందుగా ముసలమ్మ దగ్గరికే తీసుకెళ్లి సిరాడబ్బా తెరిచాను. ఆమె చెయ్యి చాచలేదు, తట్ట కింద పెట్టి చతికిలబడింది.

"ముందు సదువు మేస్టారూ. ఇన్నాక ఏత్తాను."

చదివాను. రెండు చోట్ల మార్పించి, అప్పుడు వేలు చాచింది.