రుచి చూడని వంట

మా ఇంట్లో తద్దినం వంటను ముందుగా రుచి చూడరు. పెద్దలకు పెట్టకముందు ఎవరి నాలుకకు తగిలినా అది ఎంగిలే. అందుకని ఆ రోజు ఉప్పంతా వండే మనిషి జ్ఞాపకం మీదే నడుస్తుంది. పప్పులో వేశానా, పులుసులో వేశానా అన్నది గుర్తుండాలి తప్ప నోటితో తెలుసుకునే వీలు లేదు. పెళ్లయిన పదేళ్లలో నా భార్య చేతిలో ఒక్కసారీ తప్పు జరగలేదు.

ఎనభైలు మొదలైన రోజులవి. తిరుపతిలో తెలుగు టీచరుగా పనిచేస్తున్నాను. మా అమ్మ తద్దినం నడి ఎండాకాలంలో వస్తుంది. నేను చెప్పబోయే తద్దినానికి ముందు ఏడాది నా భార్యకు ఒక కన్ను మసకబారి, నెల రోజులకు దానంతట అదే బాగైంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయనేది, మిద్దె మెట్లు గోడ పట్టుకుని దిగేది. నేను విన్నాను, చూశాను, ఊరుకున్నాను.

ఆ తద్దినం రోజు తలకు పోసుకుని, మడి కట్టుకుని, కట్టెల పొయ్యి ముందు నాలుగు గంటలు కూర్చుంది. భోక్తలుగా వచ్చిన ఇద్దరు పెద్దలూ తలవంచుకుని తిన్నారు. తద్దినం భోజనాన్ని బాగుందనీ, బాగాలేదనీ అనకూడదు. మజ్జిగ మాత్రం మూడుసార్లు అడిగారు. వాళ్లు వెళ్లాక విస్తరి ముందు కూర్చుంటే, పులుసు కలిపిన మొదటి ముద్దే నాకు గొంతు దిగలేదు.

"ఉప్పుబస్తా ఈడనే విప్పినట్టుండాదే," అంది మా అక్క.

"మనసు యాడ పెట్టుకోని వండినావే?" అన్నాను నా భార్యతో.

"వేసినానో లేదో తెలీలేదండీ. వేయలేదనుకోని మళ్లా వేసినాను."

"మాయమ్మ బతికున్నప్పుడూ నీకు గిట్టలేదు. పోయినాక తద్దినమూ గిట్టలేదు."

అది పచ్చి అబద్ధం. మంచాన పడిన మా అమ్మకు ఆఖరి ఏడాదంతా సేవ చేసింది నా భార్యే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె గిన్నెలు ఎత్తుకుని లోపలికి వెళ్లింది.

మరుసటి ఏడు తన ఉపాయం తను కనిపెట్టుకుంది. ఒక్కో గిన్నెలో ఉప్పు వేసినప్పుడల్లా కొంగుకు ఒక ముడి వేసుకుంది. నేను వంటింటి గడపలోకి వచ్చేసరికి మూడు ముడులున్నాయి.

"ఇదేం వేషం?"

"గుర్తుకండీ. మూడిట్లో వేసినాను, ఇంకా రెండుండాయి."

"మడిబట్టకు ముడులు పనికిరావు. విప్పు."

అలాంటి నియమం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు నేను కల్పించిందే. మరుపంటే నా లెక్కలో పొగరుతో సమానం. బళ్లో పద్యం మరిచిన పిల్లల్ని బెంచీ ఎక్కించినట్టే ఆమెనూ నిలబెట్టాను. వేళ్లు స్వాధీనంలో లేక ఆమె చాలాసేపు ముడులతో తంటాలు పడింది. "పోనీలేరా, ఉండనీ," అని మా అక్కే అంది. మూడోది విప్పేదాకా నేను కదల్లేదు. తర్వాత ఆమె గిన్నెలవైపు చూసి, ఏది ఏదో తెలియక, గరిటె మా అక్క చేతికిచ్చి బయటికి వచ్చేసింది. మళ్లీ ఎన్నడూ తద్దినం వంటకు కూర్చోలేదు.

కొన్ని నెలలకు కాళ్లు పూర్తిగా పట్టు తప్పాయి. బస్సులో వేలూరుకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరు మోకాళ్ల మీద సుత్తితో తట్టి, కళ్లలోకి లైటు వేసి చూశాడు. వెన్నులోంచి నీరు తీయించాడు. మూడు వస్తువుల పేర్లు చెప్పి, కాసేపయ్యాక అడిగితే ఆమె ఒక్కటే చెప్పగలిగింది. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్నాడు. మెదడులో, వెన్నుపాములో నరాల పైపొర అక్కడక్కడా చెడిపోతుందట.

"కాళ్లే కాదు, జ్ఞాపకమూ దెబ్బతినింది. ఎండా, పొయ్యి వేడీ తగిలితే ఇంకా అలిసిపోతుంది," అని నాతో చెప్పి, "మరుపు ఎప్పటినుంచి? ఇంట్లో ఎవరన్నా గమనించినారా?" అని అడిగాడు.

జవాబు ఆమే చెప్పింది.

"మొదట కనిపెట్టింది ఈయనే సార్. అప్పట్నించీ నన్ను భద్రంగా చూసుకుంటా ఉండారు."

డాక్టరు నావైపు మెచ్చుకోలుగా చూశాడు. నేను తల ఊపాను.

ఆమె నిజంగానే మరిచిపోయిందా, పరాయివాడి ముందు నా పరువు కాపాడిందా, నాకు తెలియదు. తర్వాత ఆరేళ్లు బతికింది. అడగాలంటే రోజూ అవకాశం ఉండేది. గుర్తుంటే కాళ్లు పట్టుకోవచ్చు. గుర్తులేకపోతే మాత్రం నేను చేసినదంతా నా నోటితోనే మొదటినుంచి చెప్పాలి. అందుకు భయపడి అడగలేదు. చక్రాల కుర్చీలో ఆమెను వీధి వసారాలోకి తెచ్చి కూర్చోబెట్టినప్పుడల్లా, "పెళ్లాన్ని ఎంత బాగా చూసుకుంటాడప్పా" అని ఇరుగుపొరుగు అనేవాళ్లు. కాదని నేను ఒక్కనాడూ అనలేదు.