జ్ఞానానందం వదిలే అరచెయ్యంత చోటు

కోటబొమ్మాళి దగ్గర హైవే దిగగానే ఎడమచేతి వైపు రెండు రేకుల షెడ్లుంటాయి. ఒకటి నాది, సీటు కవర్ల కొట్టు. రెండోది జ్ఞానానందానిది. అతని షెడ్డుకి పేరు లేదు. గుమ్మం పక్కన ఒక చెక్క మీద తెల్లరంగుతో 'తొందరగా కావలసినవారు ముందుకు వెళ్లగలరు' అని రాసి ఉంటుంది. ముందుకు వెళితే టెక్కలి వస్తుంది. కొందరు నిజంగానే వెళ్లిపోతారు. నాకు రావలసిన బేరం కూడా వాళ్లతోపాటే పోతుంది.

జ్ఞానానందం కార్లకి పాలిష్ పెడతాడని ఊళ్లో అంటారు. ఆ మాట అతని ముందు అంటే ఒప్పుకోడు. పాలిష్ పెట్టేది కాదు, తీసేది అంటాడు. కారు రంగు మీద గాజులాంటి సన్నటి పొర ఒకటుంటుంది. గీతలు పడేది దాని మీదే. గీత అడుగు దాకా ఆ పొరని అరగదీసి చదును చేసేది పాలిష్. పెట్టడమనేది ఆ తరవాత మొదలవుతుంది. ముందు సీలెంటు, దాని మీద మైనం. సీలెంటు ఎండకీ ఉప్పుగాలికీ నాలుగైదు నెలలు ఆగుతుంది గాని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండదు. మైనం ముద్దొచ్చేలా మెరుస్తుంది గాని మన ఎండలకి రెండు నెలలు ఉంటే గొప్ప. అందుకని గట్టిది కింద, అందమైనది పైన. తిరగేసి వేస్తే మైనం మీద సీలెంటు అంటుకోదు, రెండూ దండగ. ఈ సంగతి అతను నాకు రెండు వందల సార్లు చెప్పి ఉంటాడు. నేను కుట్టేది రెక్సిన్ సీట్లు.

అతనికి యాభై ఎనిమిదేళ్లు. తండ్రి మిషన్ చర్చిలో వడ్రంగి. అక్కడి టేకు బెంచీలకి లక్క పాలిష్ వేయడం తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు. పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత, ఆరకముందే ముట్టుకుంటే వీపు మీద ఒకటి. తరవాత విజయనగరంలో ఒక కార్ల షోరూంలో పదకొండేళ్లు పనిచేశాడు. అక్కడికి లారీల్లో వచ్చే కొత్త కార్లకి దారిలోనే గీతలు పడేవి. వాటి మీద నూనెలాంటి మందు రాసి, గీతలు పూడ్చేసి, దండ వేసి, కొన్నవాళ్ల చేతికి తాళాలిచ్చేవారు. రెండు వానలకి మందు పోయి గీతలు తేలేవి. ఒకాయన వచ్చి, కొత్త కారు మీద గీతలు గీసిందని తన కూతుర్ని కొట్టానని చెప్పాడట. ఆ సాయంత్రమే జ్ఞానానందం ఉద్యోగం మానేశాడు.

అప్పట్నుంచి అతనికో పద్ధతి. ఏ కారు వచ్చినా బానెట్టు కుడి మూల అరచెయ్యంత చోటు చుట్టూ టేపు అంటించి, ముట్టుకోకుండా వదిలేస్తాడు. బండి తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లకి ముందు ఆ చోటు చూపిస్తాడు. కారు ఎలా ఉండేదో, దేనివల్ల అలా అయిందో చెబుతాడు. ఆ తరవాతే టేపు పీకి ఆ ముక్కకి పాలిష్ పట్టి, సీలెంటు రాసి, మైనానికి మర్నాడు రమ్మంటాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్క బండికీ ఇది తప్పలేదు. ఒకసారి పెళ్లికొడుకు కారొచ్చింది. అవతల ముహూర్తం ముంచుకొస్తుంటే పెళ్లికొడుకుని బాసికంతో సహా నిలబెట్టి చూపించాడు.

పోయిన దసరాకి వారం ముందు, గురువారం పొద్దున్న, ఒక ముదురు నీలం కారు వచ్చి షెడ్డు ముందు ఆగింది. నడిపింది తులసి అనే అమ్మాయి. పక్క సీట్లోంచి ఆమె మేనత్త జగ్గమ్మ దిగింది. మా పక్క ఊళ్లో వరి పండించే జగన్నాధం భార్య. దిగి, కారుకి వీపు పెట్టి నిలబడింది.

జగన్నాధం సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. పద్నాలుగు నెలల కిందట ఆ కారు కొన్నాడు. అప్పటికే రెండు కళ్లకీ శుక్లాలు. మొదటి నాలుగు నెలలూ నల్లకారు కొన్నాననే అనుకున్నాడు. నడపడం తులసి పని, తుడవడం ఆయన పని. పొద్దున్నే భుజం మీది తువ్వాలు తీసి కారంతా తుడిచేవాడు. జగ్గమ్మని కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఇప్పుడు విశాఖపట్నంలో చెల్లెలింట్లో ఉండి రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నాడు. సోమవారం తిరిగి వస్తున్నాడు.

జ్ఞానానందం బానెట్టు చూశాడు. నేనూ వెళ్లి చూశాను. నా సీటు కవర్ల మీద పిల్లి పడి పరిగెత్తినా అలా అవదు.

"దేంతో తోమేవప్పా?" అని అడిగాడు. మా వైపు అక్కని అప్పా అంటాం.

"ఇత్తడి సామాను తోమినట్టే తోమినాను తమ్ముడూ. సింతపండు, బూడిద, కొబ్బరి పీసు. దసరాకి బండికి పూజ సెయ్యాల గదా. ఆయన కొత్త కళ్ళతోటి వస్తన్నాడు, తళతళలాడతా కనపడాలనుకున్నాను. తడిగా ఉన్నంతసేపూ బాగానే ఉన్నాది. ఆరినాక సూస్తే ఇలాగున్నాది."

"పీసు పాతదా, కొత్తదా?"

"కొత్తదే. పండక్కి గదా."

ఆమె ముందు డోర్లు రెండూ కూడా తోమింది. అక్కడికి చేతులు నొప్పెట్టి ఆగిందట. ఆ నొప్పి ఇంకొంచెం ముందు రావలసింది.

"ఏదో ఒకటి పూసి కప్పీ తమ్ముడూ, ఆయన సూసీలోపల."

"కప్పీ పని నాను సెయ్యనప్పా. తీసీ పనే. తీస్తాను. సోమారానికి ఇస్తాను."

ఆమె మొహం కొంచెం తేటపడింది. అప్పుడు అతను తన పద్ధతి చెప్పాడు, టేపూ అరచెయ్యంత చోటూ చూపించడమూ అన్నీ. ఆమె అక్కడే ఉన్న నా స్టూలు మీద కూలబడింది.

"అలాగైతే ఆయనకి తెలిసిపోద్ది గదా. పద్నాలుగు నెల్లు నన్ను సెయ్యెయ్యనివ్వనేదు. ఊరెళ్తా ఎళ్తా తాళం నా సేతిలో ఎట్టి, 'ఒసే, నువ్వున్నావు గదా' అన్నాడు. నలభయ్యేళ్ళలో ఆయన నాకేదీ అలాగ ఒప్పజెప్పనేదు తమ్ముడూ. ఇదే మొదలు. దీన్నీ ఇలాగ సేసినాను." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తులసి ఆమె వీపు నిమురుతూ నా వైపు కోపంగా చూసింది. తోమింది నేనైనట్టు.

నాకు నిజంగా జాలేసింది. ఈ ఒక్కసారికి ఆ టేపు మానెయ్యవయ్యా అన్నాను. జ్ఞానానందం టార్చిలైటు తెచ్చి కారు చుట్టూ తిరిగాడు. డిక్కీ దగ్గర చాలాసేపు వంగి ఉండి, నన్ను పిలిచాడు.

"దేవేంద్రా, ఇది సూడు."

అక్కడ పీచు గీతలు లేవు. లైటు పడ్డచోటల్లా సన్నటి గుండ్రటి గీతలు, ఒకదాని మీద ఒకటి, సాలెగూడులా ఉన్నాయి.

"అప్పవి అడ్డగీతలు, నిన్నటివి. ఇవి పాతవి. కారంతా ఉన్నాయి." తల ఎత్తి ఆమెని అడిగాడు. "బావగారు తుడిసీముందు నీళ్లు కొడతాడేటి?"

"నేదు నేదు. నీళ్లు కొడితే తుప్పెడతాదని పొడి తువ్వాలుతోటే తుడుస్తాడు. రోజూ."

కళ్లం మట్టీ, రోడ్డు దుమ్మూ కారు మీద ఉండగానే పద్నాలుగు నెలలు పొడిగుడ్డతో రుద్దాడన్నమాట. జ్ఞానానందం టార్చి ఆపి జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు కారు కడగడంతోనే సరిపోయింది. షాంపూ నీళ్లకి ఒక బకెట్టు, గుడ్డ జాడించుకోడానికి ఇంకో బకెట్టు. తరవాత మెత్తటి బంకముద్ద ఒకటి తడిపి, చేత్తో జరుపుతూ రంగుని పట్టుకున్న మురికంతా లాగాడు. మర్నాడు మిషన్‌తో కాంపౌండు, అంటే గీతల్ని అరగదీసే ముద్ద, పట్టాలి. దానికి ముందే టేపు అంటించాలి. టేపు చేత్తో పట్టుకుని బానెట్టు కుడి మూల దగ్గర అరగంట నిలబడ్డాడు. ఆ తరవాత వెనక్కి వెళ్లి డిక్కీ మీద అంటించాడు.

"పద్ధతి మార్చేవేటి?" అన్నాను.

"సోటు వదలాలన్నదే పద్ధతి. ఏ మూలన్నది ఎక్కడా రాసి నేదు."

"బానెట్టు కుడి మూల అని నువ్వే కదా పంతొమ్మిదేళ్లుగా..."

"నాను రాయనేదు."

అతను సుఖంగా లేడని నాకు తెలుసు. డిక్కీ మీది చోటు చెప్పేది నిజమే గాని సగం నిజం. షోరూంలో మందు రాయడానికీ దీనికీ ఎంత తేడా ఉందని కాంపౌండు పడుతున్నంతసేపూ లెక్కేసుకుంటూ ఉండి ఉంటాడు. అడ్డగీతలు కొన్ని బాగా లోతుగా పడ్డాయి. చేత్తో తడిమి, పట్టి, మళ్లీ తడిమి, సాయంత్రానికి బానెట్టు చదును చేశాడు. జగ్గమ్మ చూడ్డానికి వస్తే గట్టిగానే చెప్పాడు.

"పొర ఇంక సన్నగైపోనాది అప్పా. ఇదొక్కసారికే. మళ్లీ తోమితే తీడానికి ఇంకేటీ ఉండదు, రంగే వచ్చెస్తాది."

శనివారం మెత్తటి పాలిష్ పట్టి, స్పిరిట్‌తో తుడిచి, సీలెంటు రాశాడు. రాసిందంతా కంటికి కనపడకూడదు, అంత పల్చగా. సీలెంటు గట్టిపడాలంటే పన్నెండు గంటలకి తక్కువ కాకుండా వదిలెయ్యాలి. ఆదివారం అతను చర్చికి పోతాడు, పని ముట్టుకోడు. మరి ఆదివారం పూట సీలెంటు ఆరడం పని కాదా అని అడిగాను. పని చేస్తున్నది సీలెంటు, నేను కాదు అన్నాడు. సోమవారం తెల్లారాక వచ్చి, మైనం డబ్బా తీసి, ఎండ పడకుండా షెడ్డు లోపలే, కొంచెం కొంచెంగా చేత్తో రాసి తుడిచాడు.

పదిన్నరకి స్టేషన్ నుంచి ఆటోలో జగన్నాధం వచ్చేశాడు. నల్లకళ్లద్దాలు, భుజం మీద తువ్వాలు, వెనకాల జగ్గమ్మ. కారేదని అడిగి ఉంటాడు, పాలిష్‌కి ఇచ్చానని చెప్పి ఉంటుంది. జ్ఞానానందం కారుని షెడ్డులోంచి బయటికి తోశాడు. జగన్నాధం కళ్లద్దాలు నుదుటి మీదకి ఎత్తి చూశాడు. చూస్తూ ఉండిపోయాడు.

"ఏటే, నీలమంటే ఇలాగుంటాదేటి?" అన్నాడు చివరికి.

కారు చుట్టూ తిరిగాడు. బానెట్టులో తన మొహం కనబడితే వంగి మీసం సర్దుకున్నాడు. జగ్గమ్మ ఊపిరి వదలడం నాకు వినపడింది. అలా తిరుగుతూ డిక్కీ దగ్గరికి వచ్చి ఆగాడు.

"ఇదేటి, ఇక్కడిలాగున్నాది?"

"మొదట కారంతా ఇలాగే ఉన్నాది బావా. ఎలాగుండీదో తెలవాలని వదిలేను." జ్ఞానానందం టార్చి వేసి గుండ్రటి గీతలు చూపించాడు.

"ఎవుడు సేసినాడు?"

"తువ్వాలు. దుమ్ము మీద పొడిగుడ్డ రుద్దితే ఇలాగే అవుతాది."

జగన్నాధం భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. దాన్నొకసారి, ఆ చోటునొకసారి చూశాడు. "పద్నాలుగు నెల్లు," అన్నాడు. "మెరిపిస్తన్నాననుకున్నాను. నాకు కనపడనేదు." ఆ గొంతు విని నేను నా కొట్లోకి పోదామనుకున్నాను.

జగ్గమ్మ అక్కడితో ఊరుకోవచ్చు. ఆమె గండం గడిచింది. కాని మొగుడు అలా తువ్వాలు పట్టుకుని నిలబడితే చూడలేకపోయింది.

"నువ్వొక్కుడివే కాదు బావా. ముందు వైపు నాను పాడు సేసినాను. సింతపండెట్టి, కొబ్బరి పీసుతోటి తోమినాను. నువ్వొస్తావని. ఈ తమ్ముడు అంతా తీసేసినాడు. నీకు సెప్పొద్దన్నాను."

జ్ఞానానందం తల దించుకున్నాడు. దించుకున్నా, అతని మొహంలో మూడు రోజులుగా లేని నెమ్మది కనిపించింది.

జగన్నాధం భార్య చెయ్యి పట్టుకుని తిప్పి చూశాడు. చింతపండు పులుపుకీ బూడిదకీ వేళ్ల చివర్లు ఒరిసిపోయి, ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఆ వేళ్లని కారు కంటే ఎక్కువసేపు చూశాడు.

"తమ్ముడూ," అన్నాడు, చెయ్యి వదలకుండానే. "నా సోటు ఒకటి ఉంచినావు. ఇది తోమింది కూడా ఒక సోటు ఉంచవలసింది గదయ్యా. సూసుకునీవోణ్ణి."

"తీసేసేను బావా. అది మళ్లీ రాదు."

నేను జ్ఞానానందాన్ని ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాను. పని బాగా కుదిరినందుకు అతను బాధపడటం ఆ ఒక్కసారే చూశాను.

జగ్గమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "దానికేటి బావా," అంది. "ఇంట్లో సింతపండు ఇంకా ఉన్నాది. ఇంటికెళ్లినాక ఒక సోట తోమెస్తాను."

జ్ఞానానందం వెళ్లి బానెట్టుకి అడ్డంగా నిలబడ్డాడు.