నాయన అడిగిన ఆకుపచ్చ

నాకు శబ్దం వినిపిస్తే రంగు కనిపిస్తుంది. ఇప్పుడు నా బొమ్మలు చూసి మెచ్చుకునేవాళ్లు దీన్ని వరమంటారు. స్వరాజ్యం రాకముందు షోలాపూర్‌లో, మా నేతగాళ్ల గల్లీలో ఒక్కరోజు నాలా బతికి ఉంటే ఆ మాట అనరు. తెల్లారీ తెల్లారకముందే ఇంటింటా మగ్గాలు మొదలయ్యేవి. ఆ టకటకలన్నీ నా కళ్లముందు ఇటుక రంగులో రాలుతుండేవి. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

మా నాయన రంగుల మేస్త్రి. నూలుకు రంగు వేయడంలో కొంతం చౌక్ దాకా ఆయన మాటే మాట. ఇంట్లోనూ అంతే. నా పదహారో ఏట కులపెద్ద భజన పాడుతుంటే, ఆయన గొంతు బూజు రంగులో ఉందని నోరు జారాను. నాయన అక్కడే, అందరి ముందే, నా చెంప వాచేలా కొట్టాడు.

"వీని దిమాగ్ ఖరాబైంది. వీని మాట పట్టుకోకుండ్రి," అని పెద్దలకు దండం పెట్టాడు.

ఆనాటి నుంచి గల్లీలో నేను పిచ్చోణ్ని. తోటివాళ్లు మా గుమ్మం ముందు సత్తుగిన్నె మీద కొట్టి, "ఇది ఏం రంగురా?" అని ఇకిలించేవాళ్లు. నాయన లోపలే ఉండేవాడు, వినేవాడు, ఒక్కనాడూ వాళ్లను గద్దించలేదు. దాన్ని నేను మరిచిపోలేదు. మరిచిపోవాలని అనుకోనూ లేదు.

నాకు ఇరవై దాటేసరికి ఆయన కళ్లకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. చూపు మందగించిందని తెలిస్తే, పని ఇచ్చే సేటు రంగు తొట్టి దగ్గర ఇంకొకణ్ని పెడతాడు, రంగు తప్ప ఆయనకు మరో పని రాదు. పక్కనే ఉండి పనిచేసేవాణ్ని గనక నాకు తెలిసిపోయింది. నీలం ఆయన కంటికి ఆకుపచ్చగా కనిపిస్తోంది. ఉతికిన తెల్ల ధోవతికి పసుపు అంటిందని అమ్మమీద కేకలేశాడొకసారి.

ఒక ఏడు పెళ్లిళ్ల రోజులకు ముందు సేటు ఆకుపచ్చ నూలు కావాలన్నాడు, మరాఠీ పెళ్లికూతుళ్లు కట్టే చీరలకు. ఆకుపచ్చ రావాలంటే నూలును ముందు నీలంలో ముంచాలి, తర్వాత పసుపు తొట్టిలో వేయాలి. పసుపు ఎంత పట్టిందో చెప్పేది కన్నే. నాయన మొదటి నూలు చిలప పైకి తీసి, పిండి, ఎండలో పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నా ముందుకు జరిపాడు.

"సూడు. ఆకుపచ్చ అయ్యిందా?"

కాలేదు. ఇంకా సగం నీలమే.

"అయ్యింది నాయినా," అన్నాను.

ఆయన నూలంతా అదే లెక్కన తీసి దండేల మీద ఆరేశాడు. మధ్యాహ్నానికి సేటు వచ్చాడు.

"ఏందిది మేస్త్రీ? హిరవా పాహిజే, ఆకుపచ్చ గావాలె అంటే నీలం తీసినవేంది?"

నాయన నన్ను చూపించాడు. "నా కొడుకు సూసిండు సేటూ. అయ్యిందన్నడు."

అందరూ నా వైపు తిరిగారు. గల్లీలో సగంమంది అక్కడే ఉన్నారు. నేను తాపీగా చేతులు తుడుచుకున్నాను.

"నా దిమాగ్ ఖరాబని పెద్దల ముంగట చెప్పింది ఈయినే. పిచ్చోని మాట మీద ఎవడన్న రంగేస్తడా?"

జనం పగలబడి నవ్వారు. నాకు హాయిగా అనిపించింది. దాచడమెందుకు, చాలా హాయిగా అనిపించింది. మర్నాటి నుంచి తొట్టి దగ్గర వేరే మేస్త్రి. నాయన ఇంట్లో ఆడవాళ్ల పక్కన కూర్చుని, దారం తడుముకుంటూ కండెలు చుట్టాడు. నాతో మాట్లాడటం మానేశాడు. నేనూ బతిమాలలేదు.

కొన్నాళ్లకు, ఆయన బయటికి వెళ్లినప్పుడు, అమ్మ దగ్గర అన్నాను, కళ్లు కనబడకపోతే ఇంకెవరినైనా అడగాల్సిందని. అమ్మ రాట్నం ఆపలేదు.

"ఎవరిని అడుగుతడురా? రంగు పట్టుకునుడు నాకన్న నా కొడుక్కే ఎక్వ తెలుసు, వాని కండ్లే వేరు అని మీ నాయిన నాతోని ఎన్నిసార్లన్నడో. నీ ముంగట అనలే, గంతే."

నాయన పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట అమ్మతో అని నాతో అననందుకు నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కసారి అని ఉంటే, కాలేదు నాయినా, ఇంకొంచెం సేపు ఉంచాలె అని చెప్పేవాణ్ని.