పెద్దబాపు ఇంజన్ వెనక్కి నడిచిన రోజు

మా చిన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం... మోస్రా దగ్గరి మా ఊళ్లో, మా ఇంటి ముందు ఎడ్లు లేని బండి ఒకటి నిలబడి ఉంది. కింద పాత జీపు గేరుబాక్సు, పైన నీళ్ల ఇంజన్. రెండింటినీ కలుపుతూ వెడల్పాటి పట్టా, అంటే బెల్టు.

ఆ ఇంజన్ మా పెద్దబాపుది. బాపుకు, అంటే మా నాన్నకు, అన్న. ఏడాది కిందట ఆయన బావిలో చనిపోయాక దాన్ని ఎవరూ ముట్టలేదు. గోనెసంచి కప్పుకుని కొట్టంలో పడి ఉండేది... కోళ్లు కూడా దాని మీదికి ఎక్కేవి కావు.

ఆ ఏడు మా ఎడ్లలో ఒకటి చచ్చిపోయింది. రోడ్డవతలి చేనులో నరికిన చెరుకు ఎండుతోంది. ఊళ్లో ఎవరి బండ్లు వాళ్ల చెరుకు మోయడంలోనే ఉన్నాయి. ఇంకో రెండు ఎండలు తగిలితే రసం పులుస్తుంది, గానుగ దగ్గర ఎవరూ దించుకోరు. మాకు ఏడాదికి అదొక్కటే పంట. అందుకే బాపు బోధన్ నుంచి వెల్డింగ్ చేసే రషీద్ అన్నను పిలిపించి ఈ బండి కట్టించాడు.

ఇంజన్ మొదట పలకలేదు. బాపు హ్యాండిల్ తిప్పడం, అది దగ్గినట్టు ఒక చప్పుడు చేసి ఊరుకోవడం... రషీద్ అన్న డీజిల్ పైపు నట్టు వదులు చేస్తే నురగ వచ్చింది.

"లోపల గాలి వట్టింది భాయ్. ఏడాది సంది ఊపిరి వట్టుకొని కూసున్నది గదా!" అని నవ్వాడు.

ఎవరూ నవ్వలేదు.

నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక నట్టు బిగించాడు. ఈసారి ఇంజన్ అందుకుంది. టక్... టక్... టక్... ఆ చప్పుడు వినగానే వాకిలి ఊడుస్తున్న పెద్దవ్వ, అంటే పెద్దబాపు భార్య, చీపురు వదిలేసి లోపలికి పోయింది.

బాపు మొదటి గేరు వేశాడు. బండి వెనక్కి కదిలింది.

గేరు తీసి మళ్లీ వేశాడు. మళ్లీ వెనక్కే... బండి మూతి రోడ్డు వైపు ఉంది. వెనక ఉన్నది పాత బాట. ఆ బాట చివర పెద్దబాపు పోయిన బావి.

"పోశెట్టి గుంజుతుండురా... దాని జాగకు దాన్ని తీస్కపోతుండు," అంది పక్కింటి అవ్వ, పెద్దబాపు పేరెత్తి.

రషీద్ అన్న ఇంజన్ ఆపేసి, ఎవరి వైపూ చూడకుండా పానాలు సంచిలో వేసుకోసాగాడు. "నాతోని కాదు భాయ్. చెరుకు పోతే పోనీ."

"పోతే ఏం తినాలె అన్నా?" అన్నాడు బాపు.

అప్పుడు పెద్దవ్వ బయటికి వచ్చింది. ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఆయనెందుకు గుంజుతడు? హ్యాండిల్ అందాలని మీరే ఇంజన్‌ను ఉల్టా మలిపి వెట్టిండ్రు. చక్రం ఎన్కకు తిరగక ఏం జేస్తది? పట్టా మెలెయ్యుండ్రి."

బావి దగ్గర రోజూ పట్టా ఎక్కించింది ఆమే. ఇప్పుడూ ఆమే దాన్ని ఊడదీసి, ఒక మెలి తిప్పి, మళ్లీ ఎక్కించింది. బండి ముందుకు కదిలింది. పెద్దవ్వ మాత్రం దానికి అడ్డంగా నిలబడింది.

"గంగారాం, ఒర్రుకుంట నడుపు. నాకు నీ గొంతు ఇనవడాలె," అంది బాపుతో.

ఎందుకలా అందో అందరికీ తెలుసు. ఆ రోజు నీళ్లు లోతుకు పోతే ఇంజన్‌ను బావి లోపలి మెట్టు మీదికి దించారు. పెద్దబాపు దాని పక్కనే కూర్చున్నాడు. పొగ పైకి రాక ఆయన ఊపిరి ఆగింది... ఇంజన్ ఆగలేదు. ఇంటి దగ్గర పెద్దవ్వ ఆ చప్పుడు వింటూ పొద్దంతా నిశ్చింతగా పని చేసుకుంది.

బాపు చెరుకు వేసుకుని గానుగ దారి పట్టాడు. "ఉన్న వదినె... ఉన్న..." మూల తిరిగాక గొంతు వినబడలేదు. టక్ టక్ మాత్రం చాలాసేపు వినబడింది. పెద్దవ్వ గడప దగ్గర మెడ చాచి, ఆ చప్పుడులో గొంతు కోసం వెతుకుతోంది. పిల్లలం ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాం. నాకైతే రెండు గొంతులు వినబడ్డట్టు అనిపించింది... ఆమెకు చెప్పలేదు.

చెరుకు పులవకముందే గానుగ చేరింది. బాపు తిరిగొచ్చి కాళ్లు కడుక్కునేదాకా పెద్దవ్వ లోపలికి రాలేదు.

ఇప్పుడు ఆ భూమిలో కరెంటు మోటరు. నిజామాబాద్‌లో కూర్చుని నేనే ఫోన్‌లో బటన్ నొక్కుతాను. అక్కడ ఎవరూ ఉండనవసరం లేదు, చప్పుడూ ఉండదు... అయినా నొక్కే ముందు, మోటరు దగ్గర ఎవరైనా ఉన్నారేమోనని కౌలు రైతుకు ఫోన్ చేసి గొంతు వింటాను.

మీ ఇళ్లల్లో మనిషి క్షేమంగా ఉన్నాడని ఏ చప్పుడు చెప్పేది...? గుర్తుంటే రాయండి.