రాజు కూర్చున్న ఒడి

అప్పలస్వామి మాస్టారు పరమపదించి పక్షం రోజులైంది. ముంచింగిపుట్టు సంతలో ఉండగా నాకు కబురందింది. అంతకు ముందురోజే ఫోనులో "ఏటిరా, ఇటు రావడం మానేసినావేటి?" అని కసిరిన మనిషి.

ఆయన మైదానపు రైతుబిడ్డ. చరిత్రోపాధ్యాయుడిగా కొండెక్కారు, ఇక దిగలేదు. మా మన్యాన్నేలిన సంస్థాన చరిత్రను ముప్పయ్యేళ్లు శ్రమించి రాశారు. కోటలోని కాగితాలతో ఆయనకు తృప్తి లేదు. గూడేలకు నడిచివెళ్లి, వృద్ధులు చెప్పింది రాసుకుని, తిరిగి వాళ్లకే చదివి వినిపించేవారు. "తప్పుంటే ఇప్పుడే తిట్టండర్రా. నాను పోయాక తిడితే నాకినపడదు" అనేవారు.

ఆ సంస్థానంలో ఒక ఆచారం ఉండేది. పట్టాభిషేకం నాడు కొత్త రాజు ముందుగా కొండజనుల పెద్ద ఒడిలో కూర్చోవాలి. ఆ పెద్ద తలపాగా చుట్టి "మా రాజువి" అన్న తర్వాతే సింహాసనం. ఆస్థాన గ్రంథాలు దీన్ని విస్మరించాయి. మాస్టారు దీనిమీద ఏకంగా ఒక అధ్యాయమే రాశారు.

కొన్నేళ్ల కిందట, ఆ గ్రంథం అచ్చువేయిస్తానని రాజవంశపు వారసుడొకాయన ముందుకొచ్చారు. ఆ అధ్యాయం మాత్రం ఉండకూడదన్నారు. తమ తాతగారు ఒక కొండమనిషి ఒడిలో కూర్చున్నారంటే వంశగౌరవానికి భంగమట! మాస్టారు బతికుండగా పుస్తకం చూసుకోవాలని నా ఆరాటం.

"ఒక్క అధ్యాయమే కదా మాస్టారూ, తీసేద్దాం" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను తేరిపార చూశారు. "ఈ మాట నువ్వంటన్నావేటి? ఆ ఒడి మీ ముత్తాతది కాదేటిరా?"

సిగ్గుతో చచ్చిపోయాను. పుస్తకం అక్కడితో ఆగిపోయింది. ఆయన ఆ ప్రసక్తి మళ్లీ ఎత్తలేదు.

మొన్న పన్నెండో రోజున ఆ వారసుడు పలకరింపుకు వచ్చారు. మర్యాదస్తుడే, కాదనను. "మాస్టారి జ్ఞాపకార్థం వేయిద్దామండీ. ఆ ఒక్క అధ్యాయం సంగతి మీరు చూసుకోండి" అన్నారు. వ్రాతప్రతి ఇప్పుడు నా దగ్గరే ఉంది. మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి నావైపే చూస్తున్నారు. భర్త పేరు అచ్చులో చూసుకోవాలని ఆమెకు ఎన్నేళ్ల కోరికో నాకు తెలుసు.

"కుదరదండీ" అన్నాను.

ఆయన వెళ్లిపోయారు. అమ్మగారు లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. ఒక్క పూట ఆ ముఖం చూడడానికే నాకు ప్రాణం పోయినంత పనైంది. ఇన్నేళ్లూ రోజూ ఆ ముఖం ఎదుట కూర్చుని అన్నం తింటూ, మాట మార్చని మనిషి మాస్టారు. నమస్కరిద్దామంటే ఆ పాదాలు ఇక లేవు.